అంతర్జాతీయ వ్యాపారంలో పీజీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఎంబీఏ ఐబీ, ఎమ్మెస్సీ ఇంటర్నేషనల్ బిజినెస్ కోర్సుల మీద వచ్చిన ఉత్తరాలకు ఈసారి శీర్షికంతా కేటాయించాం. ఒకే సందేహం నలుగురు అడిగినచోట ఒక్క ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: బీకాం చివరి సంవత్సరంలో ఉన్నాను. మా ఊళ్లోనే ఐఐఎఫ్‌టీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్) ఉంది కాబట్టి అక్కడ ఎంబీఏ ఐబీ చేయాలని ఉంది. మామూలు ఎంబీఏకీ దీనికీ తేడా ఏమిటి? సీటు ఎలా వస్తుంది?
– పాఠకురాలు, కాకినాడ

మొదటి ఏడాది తేడా పెద్దగా కనిపించదు. అకౌంట్స్, మార్కెటింగ్, గణాంకాలు, ఆపరేషన్స్ ఎక్కడైనా అవే. ఆ తర్వాత దారి వేరవుతుంది. ఎగుమతి దిగుమతుల పత్రాలు, విదేశీ మారకం, ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు, సుంకాలు, ఓడ రవాణా లాంటివి మామూలు ఎంబీఏలో ఒక ఐచ్ఛిక పేపరుతో సరిపెడతారు. ఐబీలో అవే వెన్నెముక.

ఐఐఎఫ్‌టీ 1963లో పుట్టింది, కేంద్ర వాణిజ్య శాఖ కింద నడుస్తుంది. ఢిల్లీ, కోల్‌కతా తర్వాత కాకినాడ ప్రాంగణం 2022లో జేఎన్‌టీయూ ఆవరణలో మొదలైంది. ఇంటర్ తర్వాత చేరే అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు అక్కడ ఉంది. మీకు కావలసింది డిగ్రీ తర్వాతి రెండేళ్ల ఎంబీఏ ఐబీ. ఈ రెండింటి ప్రవేశ పద్ధతులు వేరు, ప్రకటన చదివేటప్పుడు కలపకండి.

2024–26 బ్యాచ్ నుంచి ఐఐఎఫ్‌టీ తన సొంత పరీక్షను పక్కనపెట్టి ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ స్కోరు తీసుకుంటోంది. క్యాట్ సాధారణంగా నవంబరు చివరి ఆదివారం. మొత్తం 120 నిమిషాలు, మూడు విభాగాలు, ఒక్కో విభాగానికి 40 నిమిషాలు. ఒక విభాగంలో మిగిలిన సమయం ఇంకోదానికి వాడుకోలేరు. సరైన జవాబుకు 3 మార్కులు, తప్పుకు 1 కోత. ఆప్షన్లు ఇవ్వకుండా మనమే టైపు చేసే ప్రశ్నలకు కోత లేదు కాబట్టి వాటిని ఖాళీగా వదలకండి. బీకాం వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది డేటా ఇంటర్‌ప్రెటేషన్, లాజికల్ రీజనింగ్ విభాగంలో. అక్కడ అయిదు నిమిషాలు చూసి ఏ సెట్లు వదిలేయాలో తేల్చుకోవడమే సగం పని.

ఏటా కొందరు చేసే పొరపాటు ఒకటుంది. క్యాట్ దరఖాస్తులో పేరు నమోదైతే సరిపోతుందనుకుని ఐఐఎఫ్‌టీకి విడిగా దరఖాస్తు చేయరు. స్కోరు బాగానే వస్తుంది, పిలుపు మాత్రం రాదు. ఐఐఎఫ్‌టీ దరఖాస్తు, రుసుము వేరు. ఢిల్లీ విశ్వవిద్యాలయం కామర్స్ విభాగం, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం నడిపే ఎంబీఏ ఐబీలకూ అంతే: క్యాట్ స్కోరు, దాంతోపాటు వాళ్ల సొంత ఫారం. పుణెలోని సింబయాసిస్ ఎస్ఐఐబీకి ఆ సంస్థ డిసెంబరులో జరిపే ప్రవేశ పరీక్ష స్నాప్ రాయాలి.

చివరగా, ఇంటికి దగ్గరన్న కారణం ఒక్కటే అయితే అది బలహీనమైన కారణం. ఐబీ చదివినవాళ్లలోనూ చాలామంది చేరేది దేశీయ అమ్మకాలు, బ్యాంకింగ్, కన్సల్టింగ్ ఉద్యోగాల్లోనే. గత రెండేళ్ల ప్లేస్‌మెంట్ నివేదికలు తెరిచి, సగటు జీతం ఉన్న పేజీ దాటేసి, ఏ విభాగాల్లో ఎంతమందిని తీసుకున్నారో చూడండి. వాణిజ్యం, సరుకుల ట్రేడింగ్, సప్లయ్ చెయిన్ వాటా మీకు నచ్చేంత ఉంటేనే ఐబీ అన్న పేరుకు మీ విషయంలో అర్థం ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి ఇంగ్లండ్‌లో ఒక విశ్వవిద్యాలయం నుంచి ఎమ్మెస్సీ ఇంటర్నేషనల్ బిజినెస్‌కు ఆఫర్ వచ్చింది. ఫీజు 18,000 పౌన్లు, 5,000 కట్టేశాం. మిగతా డబ్బు మా బావమరిది ఖాతాలో చూపిస్తే సరిపోతుందని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నిజమేనా? ఏడాది చదువుకు ఇంత పెట్టడం సబబేనా?
– ఒక తండ్రి, గుంటూరు

సరిపోదు. మేనమామ ఎంత దగ్గరవాడైనా ఆయన ఖాతా వీసా అధికారులకు చెల్లదు. విద్యార్థి ఖాతా, తల్లిదండ్రుల ఖాతా, చట్టబద్ధ సంరక్షకుల ఖాతా, గుర్తింపు ఉన్న బ్యాంకు విద్యారుణం, ప్రభుత్వ స్కాలర్‌షిప్ లాంటి అధికారిక సాయం. వీటిలోంచే చూపాలి. మీ ఖాతా చూపితే అమ్మాయి జనన ధ్రువపత్రం, మీ అంగీకార పత్రం జతపరచాలి. జనన ధ్రువపత్రం తెలుగులో ఉంటే ధ్రువీకరించిన ఆంగ్ల అనువాదం కూడా ఉండాలి. బావమరిదిగారు సాయం చేయదలిస్తే ఆ సొమ్ము ముందుగానే మీ ఖాతాలోకో అమ్మాయి ఖాతాలోకో రావాలి, వచ్చాక అక్కడే ఉండాలి.

ఎంత ఉండాలో లెక్క వేద్దాం. మిగిలిన ఫీజు 13,000 పౌన్లు. జీవన వ్యయం కింద 2025 నవంబరు 11 నుంచి లండన్ బయట నెలకు 1,171 పౌన్లు, గరిష్ఠంగా 9 నెలలకు చూపాలి. అంటే 10,539. రెండూ కలిపి 23,539 పౌన్లు. పౌను 120 రూపాయలు అనుకుంటే 28 లక్షల 25 వేల దరిదాపు. లండన్‌లోనైతే నెలకు 1,529 చొప్పున లెక్క కట్టాలి. మీరు కట్టిన 5,000 తగ్గించాలంటే ఆ సంగతి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ నిర్ధారణ పత్రం క్యాస్‌లో నమోదై ఉండాలి. రసీదు మీ దగ్గర ఉండి క్యాస్‌లో లేకపోతే, దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి.

ఈ మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఆ 28వ రోజు దరఖాస్తు తేదీకి 31 రోజుల లోపలిదై ఉండాలి. నడుమ ఒక్కరోజు వెయ్యి రూపాయలు తగ్గినా లెక్క మొదటికొస్తుంది. రూపాయి విలువ మారుతుంది కాబట్టి కచ్చితమైన అంకె మీద ఆగకుండా ఓ లక్షన్నర ఎక్కువ ఉంచండి. షేర్లు, పీఎఫ్, చిట్టీ పాట సొమ్ము ఇంకా చేతికి రానిది, పొలం విలువ, బంగారం విలువ, ఇవేవీ లెక్కలోకి రావు. ఎప్పుడైనా తీసుకునే వీలున్న ఫిక్సెడ్ డిపాజిట్ చెల్లుతుంది. విద్యారుణమైతే 28 రోజుల నిబంధన లేదు కానీ, మంజూరు పత్రం దరఖాస్తు నాటికి ఆరు నెలలు దాటకూడదు. రుణం అమ్మాయి పేరున ఉండాలి. డబ్బు ఎప్పుడు అందుతుందో అందులో రాసి ఉండాలి.

వీటికి తోడు ఆరోగ్య సర్‌ఛార్జీ విద్యార్థులకు ఏడాదికి 776 పౌన్లు. ఏడాది కోర్సుకు వీసా కొన్ని నెలలు అదనంగా ఇస్తారు, ఆ అదనపు కాలానికి మరో 388 చేరి మొత్తం 1,164 అవుతుంది. ఇది చాలామంది బడ్జెట్లో కనిపించదు. క్షయ పరీక్ష వాళ్లు గుర్తించిన కేంద్రంలోనే చేయించుకోవాలి, ఊళ్లో తీయించిన ఎక్స్‌రే పనికిరాదు.

ఇక సబబేనా అన్న ప్రశ్న. ఎమ్మెస్సీ అంటే 180 క్రెడిట్లు, అందులో సాధారణంగా 60 డిసర్టేషన్‌వే. సెప్టెంబరులో దిగితే మే నాటికి తరగతులు అయిపోతాయి. అంటే ఉద్యోగాల వేట దిగిన నెలలోనే మొదలవ్వాలి, అక్కడి పెద్ద కంపెనీలు గ్రాడ్యుయేట్ ఉద్యోగాలకు దరఖాస్తులు తీసుకునేది శరదృతువులోనే. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకు మారాలంటే 2025 జులై నుంచి సాధారణ జీతం గీటు ఏడాదికి 41,700 పౌన్లు. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు ఇచ్చే సడలింపులో కూడా 33,400. ఐబీ పట్టాతో మొదట దొరికే ఎగుమతుల కోఆర్డినేటర్, ఫ్రైట్ ఫార్వర్డింగ్ ఉద్యోగాల్లో చాలావాటికి అంత జీతం ఉండదు. అమ్మాయికి ఇప్పటికే రెండు మూడేళ్ల అనుభవమో, గట్టి డేటా నైపుణ్యమో, ఫైనాన్స్ పునాదో ఉంటే లెక్క వేరు. నేరుగా డిగ్రీ నుంచి వెళ్తుంటే, ఆ దేశంలో ఉద్యోగం రాకపోయినా ఈ అప్పు తీర్చగలమా అన్న ప్రశ్నకు ఇంట్లో అందరూ కూర్చుని జవాబు చెప్పుకోవాలి. కన్సల్టెన్సీకి విద్యార్థి చేరితే విశ్వవిద్యాలయం కమీషన్ ఇస్తుంది. వాళ్ల సలహా తప్పనడం లేదు, ఎటు మొగ్గుతుందో తెలుసుకుని వినండి.

ప్రశ్న: మెకానికల్ బీటెక్, జేఎన్‌టీయూ, 7.5 సీజీపీఏ. జర్మనీలో ఫీజు లేకుండా ఎమ్మెస్సీ ఇంటర్నేషనల్ బిజినెస్ చేయవచ్చంటున్నారు. నాకు అవకాశం ఉందా?
– పాఠకుడు, కరీంనగర్

ఫీజు లేదన్నది చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల విషయంలో నిజం. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరప్ బయటివాళ్లు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా విడిగా వసూలు చేస్తుంది. మీకు అడ్డు తగిలేది ఫీజు కాదు.

అక్కడి బిజినెస్ మాస్టర్స్ ఎక్కువ భాగం, డిగ్రీలో అదే సబ్జెక్టు చదివినవాళ్లకు కొనసాగింపుగా పెట్టినవి. వ్యాపార, ఆర్థిక శాస్త్రాల్లో ఇన్ని ఈసీటీఎస్ (యూరప్ దేశాల ఉమ్మడి కొలత) క్రెడిట్లు ఉండాలని నిబంధన పెడతారు. 60 అడిగేవి ఉన్నాయి, అంతకన్నా ఎక్కువ అడిగేవీ ఉన్నాయి. నాలుగేళ్ల బీటెక్‌ను 240 ఈసీటీఎస్‌గా చూస్తే, 160 క్రెడిట్ల మన డిగ్రీలో ఒక్కో క్రెడిట్ ఒకటిన్నరతో సమానం. మీరు చదివిన మెఫా (మేనేజీరియల్ ఎకనమిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్) మూడు క్రెడిట్లయితే నాలుగున్నర ఈసీటీఎస్. దానికి ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్, ఆపరేషన్స్ రీసెర్చ్ కలిపినా 15 దాటడం కష్టం. ఆన్‌లైన్ సర్టిఫికెట్లు చూపించి ఈ లోటు పూడ్చవచ్చని కొందరు చెబుతారు. విశ్వవిద్యాలయ క్రెడిట్లు కానిదాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు.

కాబట్టి దారి మార్చండి. ఇంజినీర్ల కోసమే పెట్టిన ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ అండ్ మేనేజ్‌మెంట్, ఇంటర్నేషనల్ లాజిస్టిక్స్, టెక్నికల్ సేల్స్ లాంటి కోర్సులు అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాల్లో వెతకండి. జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ (డీఏఏడీ) వెబ్‌సైట్లో ప్రతి కోర్సు కింద ప్రవేశ అర్హతలు ఉంటాయి. అయినా అక్కడితో ఆగకుండా ఆ కోర్సు పరీక్షా నిబంధనల పత్రం తెరిచి చూడండి, క్రెడిట్ల షరతు తరచు అందులోనే దాగి ఉంటుంది.

మీ మార్కులు జర్మన్ లెక్కలో ఎంతో ఇలా తెలుసుకోవచ్చు. గరిష్ఠం నుంచి మీ సీజీపీఏ తీసేయండి, దాన్ని గరిష్ఠానికీ కనీస ఉత్తీర్ణతకూ ఉన్న తేడాతో భాగించి 3తో గుణించి 1 కలపండి. గరిష్ఠం 10, ఉత్తీర్ణత 5, మీది 7.5 అయితే 2.5 వస్తుంది. అక్కడ 1 అత్యుత్తమం, 4 గట్టెక్కడం. 2.5 గీటు పెట్టిన కోర్సులు చాలా ఉన్నాయి, మీరు సరిగ్గా అంచున ఉన్నారు. ఉత్తీర్ణత అంకె మార్కుల పత్రం వెనక స్పష్టంగా ముద్రించి లేకపోతే విశ్వవిద్యాలయం నుంచి పత్రం తీసుకోండి, దాన్ని 4గా తీసుకుంటే ఒక ఫలితం, 5గా తీసుకుంటే మరో ఫలితం వస్తుంది.

మన చదువు పత్రాలు అసలువేనని జర్మనీ తరఫున పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం లేకుండా భారతీయ విద్యార్థులకు వీసా రాదు. రుసుము 18,000 రూపాయలు, రావడానికి వారాల నుంచి నెలలు పట్టవచ్చు, అందుకే మొట్టమొదట దానికే దరఖాస్తు చేయండి. వీసాకు బ్లాక్డ్ అకౌంట్లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. అది నెలకు 992 చొప్పున మీకే తిరిగొస్తుంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. తరగతి గది ఇంగ్లిష్‌లో నడిచినా, ఎగుమతుల విభాగంలో ఫోన్ ఎత్తేవాడికి జర్మన్ రావాలి. మధ్యస్థమైన బీ1 స్థాయి ఇక్కడే పూర్తి చేసుకుని విమానం ఎక్కడం మంచిది.

ప్రశ్న: అమెరికాలో ఎంఎస్ ఇంటర్నేషనల్ బిజినెస్‌కు మూడేళ్ల ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) వస్తుందా?
– పాఠకుడు, విజయవాడ

కోర్సు పేరును బట్టి రాదు, కోర్సుల వర్గీకరణకు అక్కడ వాడే సిప్ కోడ్‌ను బట్టి వస్తుంది. ఇంటర్నేషనల్ బిజినెస్‌కు వాడే 52.1101 కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు, కాబట్టి 12 నెలలే. కొన్ని కళాశాలలు ఇలాంటి కోర్సునే మేనేజ్‌మెంట్ సైన్స్ కింద, 52.1301 కోడ్‌తో నడుపుతాయి. దానికి మరో 24 నెలలు కలుస్తాయి. బ్రోషర్లో స్టెమ్ అని రాసినా నమ్మకండి. వీసా కోసం కళాశాల ఇచ్చే ఐ–20 పత్రం మీద అచ్చయ్యే కోడ్ ఏమిటో అడ్మిషన్ల కార్యాలయాన్ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

ప్రశ్న: ఎంబీఏ ఐబీ మొదటి సెమిస్టర్. మా మేడమ్ కంటైనర్ సరుకుకు ఎఫ్ఓబీ (ఫ్రీ ఆన్ బోర్డ్) షరతు వాడకూడదంటారు. ఇంటర్న్‌షిప్ చేసిన రొయ్యల ఎగుమతి కంపెనీలో మాత్రం అన్ని కాంట్రాక్టులూ ఎఫ్ఓబీ విశాఖపట్నమే. ఎవరిది ఒప్పు? ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే హామీ) పేపర్లో కూడా మార్కులు పోతున్నాయి.
– పాఠకురాలు, భీమవరం

మేడమ్‌గారిదే ఒప్పు. కంపెనీ అలా రాయడానికి కారణాలూ ఉన్నాయి. రెండూ అర్థమైతే ఈ పేపర్లో మీకు తిరుగుండదు.

ఖర్చు, నష్టభయం అమ్మకందారు నుంచి కొనుగోలుదారుకు ఎక్కడ మారతాయో చెప్పే అంతర్జాతీయ నియమాలు ఇన్‌కోటర్మ్స్. 2020 కూర్పులో 11 నిబంధనలు. వాటిలో ఎఫ్ఏఎస్, ఎఫ్ఓబీ, సీఎఫ్ఆర్, సీఐఎఫ్ నాలుగూ ఓడ రవాణాకే. ఎఫ్ఓబీలో సరుకు ఓడ మీదికి ఎక్కాకే నష్టభయం అమ్మకందారు నుంచి కొనుగోలుదారుకు మారుతుంది. బియ్యం బస్తాలు క్రేన్‌తో నేరుగా ఓడలోకి ఎత్తే రోజుల్లో అది సహజం. రొయ్యల రీఫర్ (శీతల) కంటైనర్ అలా వెళ్లదు. ఎగుమతిదారు దాన్ని టెర్మినల్‌లో అప్పగించేస్తాడు, ఓడ వచ్చేదాకా అది యార్డులో ప్లగ్గు పెట్టుకుని ఉంటుంది. ఆ రెండు మూడు రోజుల్లో కరెంటు పోయి, మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల్సిన సరుకు కరిగితే నష్టం ఎవరిది? ఎఫ్ఓబీ ప్రకారం ఇంకా అమ్మకందారుదే. సరుకు అతని అదుపులో మాత్రం లేదు. ఎఫ్‌సీఏ (ఫ్రీ క్యారియర్) అయితే పేర్కొన్న చోట రవాణాదారుకు అప్పగించగానే బాధ్యత మారిపోతుంది.

మరి కంపెనీలు ఎఫ్ఓబీ ఎందుకు వదలవు? మొదటిది అలవాటు, కొనేవాడూ అదే అడుగుతాడు. రెండోది బ్యాంకు. ఎల్‌సీ సాధారణంగా సరుకు ఓడకెక్కిందని రాసిన బిల్ ఆఫ్ లేడింగ్ (రవాణాదారు ఇచ్చే సరుకు పత్రం) అడుగుతుంది, ఎఫ్‌సీఏలో అమ్మకందారు చేతికి అది రావడం కష్టమయ్యేది. 2020 సవరణ ఈ చిక్కు తీర్చింది. ఇద్దరూ ఒప్పుకుంటే, ఓడకెక్కిన నమోదుతో బిల్లును అమ్మకందారుకే ఇమ్మని కొనుగోలుదారు రవాణాదారును ఆదేశించాలి. ఈ వాక్యం కాంట్రాక్టులో విడిగా రాసుకోవాలి, దానంతటది వర్తించదు. మూడో కారణం విద్యార్థులు తికమకపడేది. ఎగుమతికి దాఖలు చేసే షిప్పింగ్ బిల్లులో కస్టమ్స్‌కు ఎఫ్ఓబీ విలువ చెప్పాలి, ఎగుమతి సరుకు మీద పడ్డ పన్నులు తిరిగిచ్చే ఆర్ఓడీటీఈపీ రాయితీ ఆ విలువ మీదే కడతారు. అది విలువ లెక్కగట్టే పద్ధతి. కాంట్రాక్టు ఎఫ్‌సీఏ అయినా, సీఐఎఫ్ అయినా షిప్పింగ్ బిల్లులో ఎఫ్ఓబీ విలువ ఉంటుంది. మీ కంపెనీ కాగితాల్లో రెండూ ఒకే పేరుతో కనబడి ఒకటే అనిపించి ఉండవచ్చు.

ఇంకో చోట కూడా మార్కులు జారిపోతాయి. సీఎఫ్ఆర్, సీఐఎఫ్‌లలో అమ్మకందారు గమ్యం దాకా కిరాయి కడతాడు కానీ నష్టభయం బయల్దేరిన రేవులోనే మారిపోతుంది. ఖర్చు ఆగే చోటు ఒకటి, భయం ఆగే చోటు మరొకటి. సీఐఎఫ్‌కు కనీస బీమా క్లాజ్ సీ చాలు, ఏ రవాణాకైనా వాడే సీఐపీకి 2020 నుంచి విస్తృతమైన క్లాజ్ ఏ కావాలి. రెండింటిలోనూ కాంట్రాక్టు విలువకు కనీసం 110 శాతం.

ఎల్‌సీకి వద్దాం. 2007 జులై నుంచి అమల్లో ఉన్న ఎల్‌సీల అంతర్జాతీయ నియమావళి యూసీపీ 600 ప్రకారం బ్యాంకు పత్రాలతో వ్యవహరిస్తుంది, సరుకుతో కాదు. రొయ్యలు శ్రేష్ఠమైనవైనా పత్రం తప్పయితే డబ్బు ఆగుతుంది. సరుకు వర్ణన ఇన్‌వాయిస్‌లో ఎల్‌సీతో సరిపోవాలి. ఎల్‌సీలో వనామి, తల తీసినవి, 16/20 కౌంట్ అని ఉంటే, ఇన్‌వాయిస్‌లో తెల్ల రొయ్య అని రాస్తే తిప్పి పంపుతారు. బిల్ ఆఫ్ లేడింగ్, ప్యాకింగ్ లిస్టులలో మాత్రం విరుద్ధంగా లేనంతవరకు క్లుప్తంగా రాయవచ్చు. రవాణా తేదీ నుంచి 21 రోజుల్లోపు, ఎల్‌సీ గడువు దాటకుండా పత్రాలు సమర్పించాలి. బ్యాంకుకు పరిశీలనకు 5 పనిదినాలు. ఆ అయిదు రోజుల్లో లోపాలన్నీ ఒకే నోటీసులో చెప్పాలి. ఆలస్యం చేసినా, విడతలు విడతలుగా చెప్పినా బ్యాంకు అభ్యంతరం చెప్పే హక్కు పోగొట్టుకుంటుంది. ఈ చివరి అంశం మీద ప్రశ్న ఇస్తే సగం మంది రాయరు.

పరిమాణంలో 5 శాతం హెచ్చుతగ్గులు అనుమతిస్తారన్నది కూడా సగమే నిజం. టన్నుల్లో చెబితేనే అది వర్తిస్తుంది. 1,800 కార్టన్లు అని సంఖ్యలో చెబితే ఒక్క కార్టన్ తగ్గినా లోపమే. పైగా టన్నులు పెరిగినా ఎల్‌సీ మొత్తం దాటి డబ్బు రాదు.

చదివే పద్ధతి మార్చండి. మీ కంపెనీని అడిగి, పేర్లూ ధరలూ చెరిపేసిన ఒక పాత ఎల్‌సీ, దాని పత్రాల సెట్టు తెచ్చుకోండి. పక్కపక్కన పెట్టి తప్పులు వెతకండి. నాలుగు సెట్లు చేశాక పాఠ్యపుస్తకం చాలా చిన్నదిగా కనిపిస్తుంది.

ప్రశ్న: డిసర్టేషన్‌కు బియ్యం ఎగుమతి నిషేధం తీసుకుందామనుకుంటున్నాను. కాకినాడ మిల్లర్లకు ప్రశ్నావళి ఇచ్చి వంద మంది అభిప్రాయాలు సేకరించమని స్నేహితులు అంటున్నారు. సరైన పద్ధతేనా?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

అంశం చాలా బాగుంది, పద్ధతి బాగాలేదు. నిషేధం వల్ల నష్టపోయారా అని మిల్లరును అడిగితే అవుననే అంటారు. అందుకు వంద ఫారాలు అక్కర్లేదు.

ముందు కాలక్రమం కట్టుకోండి. 2022 సెప్టెంబరులో నూక ఎగుమతి ఆపి, బాస్మతి కాని తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతినే నిషేధించారు. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం పడింది. 2024 సెప్టెంబరు 28న నిషేధం ఎత్తేసి టన్నుకు 490 డాలర్ల కనీస ధర పెట్టారు, అక్టోబరులో దాన్నీ తీసేశారు. నెలవారీ గణాంకాలు 2021 నుంచి 2024 దాకా తీసుకుంటే 48 నెలలు వస్తాయి. ఈ మార్పులన్నీ వాటి మధ్యలో పడతాయి.

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. ఐక్యరాజ్యసమితి వాణిజ్య డేటాబేస్ కామ్‌ట్రేడ్ గణాంకాలు ఆరంకెల హెచ్ఎస్ (సరుకుల అంతర్జాతీయ వర్గీకరణ) కోడ్ దాకానే ఉంటాయి. 1006.30 కింద బాస్మతి, ఉప్పుడు, తెల్ల బియ్యం మూడూ కలిసిపోతాయి. నిషేధించినది మాత్రం ఎనిమిదంకెల 1006 30 90. అప్పట్లో ఉప్పుడు బియ్యం 1006 30 10, బాస్మతి 1006 30 20. ఆరంకెల అంకె పట్టుకుంటే నిషేధం వల్ల పెద్దగా ఏమీ కాలేదన్న వింత ఫలితం కూడా రావచ్చు. కేంద్ర వాణిజ్య శాఖ ఎగుమతి దిగుమతుల డేటాబ్యాంకులో ఎనిమిదంకెల వివరాలు దొరుకుతాయి, అవి వాడండి. నిషేధకాలంలో ఎగుమతి సున్నా కాకపోవడం చూసి డేటా తప్పనుకోకండి. ఆహార అవసరాలున్న దేశాలకు ప్రభుత్వ అనుమతితో జాతీయ సహకార ఎగుమతుల సంస్థ ద్వారా కోటాలు వెళ్లాయి.

దిగుమతి దేశాల లెక్కలతో పోల్చేటప్పుడు తేడాలు వస్తాయి. మన ఎగుమతి ఎఫ్ఓబీ విలువలో, వాళ్ల దిగుమతి ఎక్కువగా సీఐఎఫ్ విలువలో నమోదవుతుంది. డిసెంబరులో కాకినాడ రేవు వదిలిన ఓడ పశ్చిమాఫ్రికా తీరంలో జనవరి లెక్కలోకి ఎక్కుతుంది. విలువ బదులు టన్నులతో పోల్చి, ఒకటి రెండు నెలల జాప్యం కలుపుకుంటే ఈ గందరగోళం తగ్గుతుంది.

చాలా సిద్ధాంత వ్యాసాల్లో బలాసా సూచీ వేసి ముగిస్తారు. ఒక దేశం మొత్తం ఎగుమతుల్లో ఆ సరుకు వాటాను, ప్రపంచ ఎగుమతుల్లో ఆ సరుకు వాటాతో భాగిస్తే వచ్చేది అది. 1 దాటితే తులనాత్మక మేలు ఉందంటారు. నిషేధం ఉన్న ఏడాదిలో ఆ సూచీ పడిపోతే పోటీ శక్తి తగ్గిందని రాయకూడదు. అది గెజిట్ ప్రకటన ప్రభావం, రైతుదో మిల్లుదో బలహీనత కాదు. దాని బదులు, నిషేధం పడిన తెల్ల బియ్యాన్ని, సుంకం మాత్రమే పడిన ఉప్పుడు బియ్యాన్ని, ముందూ వెనకా పోల్చండి. థాయిలాండ్, వియత్నాం అదే నెలల్లో ఏయే దేశాలకు ఎంత అదనంగా పంపాయో చూడండి. నిషేధం తొలగాక ఆ కొనుగోలుదారులు తిరిగొచ్చారా అన్నదే అసలు ప్రశ్న.

మిల్లర్లను వదిలేయమనడం లేదు. ఎనిమిది పది మందితో గంటసేపు మాట్లాడండి. అయితే అభిప్రాయాలు అడగవద్దు. నిషేధం ప్రకటించిన రోజు రేవులో ఎంత సరుకు ఉంది, ఎల్‌సీలు ఏమయ్యాయి, ఉప్పుడు బియ్యానికి మళ్లారా, మళ్లడానికి ఎంత పెట్టుబడి పట్టింది లాంటివి అడగండి. గణాంకాలు చూపించే మార్పుకు కారణం వాళ్ల జవాబుల్లోనే దొరుకుతుంది.

ప్రశ్న: విశాఖలో కస్టమ్స్ బ్రోకర్ దగ్గర అయిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఉద్యోగం మానకుండా ఐబీలో పీజీ చేయాలంటే?
– పాఠకుడు, గాజువాక

ఎందుకు చేయాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. పదోన్నతికి ఒక పట్టా కావాలంటే ఇగ్నోలో ఇంటర్నేషనల్ బిజినెస్ ఆపరేషన్స్ పీజీ డిప్లొమా తక్కువ ఖర్చుతో అయిపోతుంది. ఆన్‌లైన్ ఎంబీఏ ఎక్కడ చేసినా, మీరు చేరే విద్యా సంవత్సరానికి యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. గతేడాది ఉండటం ఈ ఏడాదికి హామీ కాదు.

సొంతంగా లైసెన్సు తెచ్చుకోవాలన్నది లోపలి కోరికైతే మాత్రం డబ్బు, సమయం కస్టమ్స్ బ్రోకర్ పరీక్ష మీద పెట్టండి. 2018 నిబంధనల ప్రకారం అర్హతల్లో ఎంబీఏ ఒకటి, జీ కార్డుతో (పరీక్ష పాసైన బ్రోకర్ ఉద్యోగికి కస్టమ్స్ ఇచ్చే కార్డు) పొందిన అనుభవం మరొకటి. మీకు జీ కార్డు ఉంటే పీజీ లేకుండానే తలుపు తెరిచి ఉన్నట్టే, మీ కార్డు తేదీలతో నిబంధన సరిచూసుకోండి. కస్టమ్స్, పరోక్ష పన్నుల జాతీయ శిక్షణ సంస్థ నాసిన్ నిర్వహించే ఈ పరీక్షలో 1962 కస్టమ్స్ చట్టం, 1975 టారిఫ్ చట్టం, విలువ నిర్ధారణ నియమాలు, విదేశీ వాణిజ్య విధానం ముఖ్యం. రోజూ షిప్పింగ్ బిల్లులు వేసేవాళ్లు విధానాల్లో కాక సరుకుల వర్గీకరణ నియమాల్లో తప్పుతారు, అలవాటైన పది కోడ్‌లు దాటి ఎప్పుడూ వెతికి ఉండరు కాబట్టి. టారిఫ్ పుస్తకంలో సెక్షన్ నోట్స్, చాప్టర్ నోట్స్ రోజుకు ఒక చాప్టర్ చొప్పున చదవండి.

ప్రశ్న: విదేశీ భాష తప్పనిసరా? ఏది నేర్చుకోవాలి?
– పాఠకురాలు, వరంగల్

తప్పనిసరి కాదు. నేర్చుకుంటే బీ1 దాకా వెళ్లండి, తొలి మెట్టయిన ఏ1 సర్టిఫికెట్ రెజ్యూమేలో చోటు తినడం తప్ప ఏమీ చేయదు. మీరు పనిచేయాలనుకునే సరుకు ఏ దేశాలకు వెళ్తుందో చూసి భాష ఎంచుకోండి. బియ్యమైతే బెనిన్, సెనెగల్, ఐవరీ కోస్ట్ ఉన్నాయి కాబట్టి ఫ్రెంచ్. మందుల కంపెనీలు లాటిన్ అమెరికాలో రిజిస్ట్రేషన్లు చేసుకుంటున్నాయి, హైదరాబాద్‌లో ఆ విభాగాల్లోకి వెళ్లాలనుకునేవాళ్లకు స్పానిష్ అక్కరకొస్తుంది. గుంటూరు మిర్చికి చైనా పెద్ద కొనుగోలుదారు. చైనీస్ వచ్చిన మిర్చి వ్యాపారులు మన దగ్గర అరుదు, కానీ చదవడం రాయడం దాకా రావాలంటే రెండేళ్లు కష్టపడాలి.